కొత్త చీమకు పేరు పెట్టడం ఎట్ల? – కడప పాడ్‌కాస్ట్

హోస్ట్: నమస్కారం, కడప నుంచి మాట్లాడుతున్నాం. అక్కా, వానడవిలో కొత్త జాతి చీమ దొరికిందని పేపర్లో చదువుతుంటాం. కొత్తదని ఎట్ల తేలుస్తారు?

అతిథి: పాత చీమల పక్కన పెట్టి చూసి తేలుస్తారు తమ్ముడూ. దానికే ఏళ్లు పడతాయి. బ్రెజిల్‌లో మనౌస్ దగ్గర అడవిలో 2003లో ఒకే ఒక్క కూలి చీమ దొరికింది. నువ్వుగింజంత ఉంటాది, కళ్లు లేవు, పాలిపోయిన ఒళ్లు, పటకారు మాదిరి సన్నటి పొడుగు కోరలు. తెలిసిన ఏ ఉపకుటుంబంలోనూ, అంటే దగ్గరి చీమలను కలిపి కట్టిన ఏ పెద్ద గుంపులోనూ, ఇమడలేదు. కొత్త ఉపకుటుంబమే కట్టి, 2008లో మార్షియాలిస్ హ్యూరెకా అని ప్రకటించినారు.

హోస్ట్: నువ్వుగింజంత దాన్ని ఆ ఆకుల చెత్తలో పట్టేదెట్ల?

అతిథి: చదరపు మీటరు కొలిచి, అందులో రాలిన ఆకులు, కుళ్లిన పుల్లలు, పైమట్టి జల్లెడ పడతారు. జల్లెడ కన్ను సుమారు సెంటీమీటరు. కిందికి దిగిన పొడిని వలల్లో నింపి, వింక్లర్ అనే గుడ్డసంచిలో 48 గంటలు వేలాడదీస్తారు. పొడి ఆరేకొద్దీ చీమలు బయటికొచ్చి, అడుగునున్న ఆల్కహాల్ సీసాలో పడతాయి. వాన వెలిసిన వెంటనే తెచ్చిన తడి చెత్తయితే సరిగా ఆరదు, చీమలు లోపలే ఉండిపోతాయి. ఇంకోటి, సీసాలో వేసే చీటీ పెన్సిల్‌తోనే రాయాల.

హోస్ట్: పెన్ను ఎందుకు పనికిరాదు?

అతిథి: బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతాది. చోటు, ఎత్తు, తేదీ పోయినాక ఆ చీమ ఎంత వింతదైనా ఏం లాభం? చానా బాధగా ఉంటాది.

హోస్ట్: తర్వాత?

అతిథి: చీమను చిన్న కాగితపు త్రికోణం మొనకు, కాళ్ల మొదళ్ల మధ్య, నీళ్లలో కరిగే జిగురుతో అంటిస్తారు. జిగురు ఎక్కువైతే కింది భాగాలు కనపడవు. ఆనక కొలతలు. తల వెడల్పును పొడవుతో భాగించి 100తో గుణిస్తే తల సూచిక. పొడవు 0.50, వెడల్పు 0.40 మిల్లీమీటర్లయితే 80. అదే తల కాస్త వంగి, పొడవు 0.45గా కనబడిందనుకో, 89 అయిపోతాది. జాతే వేరని పొరపడతాం.

హోస్ట్: అంత చిన్న వంపుకే!

అతిథి: అందుకే మీసాల కణుపులు, కోరల పండ్లు, నడుము కణుపులు, వెంట్రుకలు అన్నీ చూడాల. ఒకే పుట్టవి పదైనా ఉంటే మేలు. ఫీడోల్ చీమల్లో కూలీలే రెండు రకాలు, ఒకదానికి తల బాగా పెద్దది. విడివిడిగా దొరికితే రెండు జాతులనుకుంటారు.

హోస్ట్: ఎవరో ఎప్పుడో పేరు పెట్టేసి ఉంటే?

అతిథి: ముందు పెట్టిన పేరే నిలుస్తాది. మన లంకమలలో 1986లో మళ్లీ కనబడిన కలివికోడి పిట్టకు ఇంగ్లీషులో జెర్డాన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త పేరుంది కదా, ఆ జెర్డానే 1851లో దక్షిణాది చీమలను వర్ణించినాడు. దూకే చీమ హార్పెగ్నాథస్ సాల్టేటర్‌కు జాతి పేరు ఆయన పెట్టిందే. అంత పాత వర్ణనలూ తిరగేయాల, మ్యూజియంలోని మూల నమూనాతో పోల్చాల.

హోస్ట్: మూల నమూనా అంటే ఒక్క చీమేనా?

అతిథి: ఒక్కటే, హోలోటైప్. ఆ పేరుకు అదే ఆధారం. దానికి సాధారణంగా ఎర్ర చీటీ గుచ్చుతారు. అదే పుట్టలోని మిగతావాటిని పారాటైపులుగా వేరే మ్యూజియాలకు పంచాల. అన్నీ ఒకే అల్మారాలో పెట్టి, దానికి పురుగు పట్టిందంటే పోల్చుకునేందుకు ఇంకేం మిగలదు.