యజమాని చివరగా మాట్లాడాలి: సంస్థల్లో సామూహిక మేధ

(దృశ్యం: నెల్లూరు జిల్లా తీరం. తెల్లవారుజామున రొయ్యల చెరువు, నీటిలో గాలి కలుపుతూ తిరుగుతున్న ఏరియేటర్లు.)

వ్యాఖ్యానం: నమస్కారం. వనామి రకం రొయ్యలు సాగు చేసే ఒక సంస్థను తీసుకుందాం. పట్టుబడికి, అంటే చెరువులో రొయ్యలు పట్టడానికి, ముందు ఆ సంస్థ తేల్చుకోవలసింది రెండు విషయాలు: చెరువులో ఎన్ని టన్నుల సరుకు ఉంది, ఏ కౌంటు పడుతుంది. 40 కౌంటు అంటే కిలోకు 40 రొయ్యలు, ఒక్కొక్కటి సుమారు 25 గ్రాములు. కొనుగోలుదారుతో బేరం, ఐసు, లారీలు, కూలీలు అన్నీ ఈ అంచనా మీదే ఆధారపడి ఉంటాయి.

(దృశ్యం: రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేను పైకి లాగుతున్న చేతులు, దగ్గరగా.)

దీనికి కావలసిన సమాచారం ఏ ఒక్కరి దగ్గరా పూర్తిగా ఉండదు. టెక్నీషియన్ దగ్గర మేత లెక్కలు, విసురు వలతో తీసిన నమూనాల సగటు బరువు ఉంటాయి. మేత వేసే కుర్రవాడు ట్రేలో ఎంత మిగిలిందో, రొయ్య పేగు నిండుగా ఉందో తెగితెగి ఉందో రోజూ కళ్లారా చూస్తాడు. రాత్రి కాపలాదారుకు తెలిసింది మరొకటి. చీకటిలో ప్లాంక్టన్, అంటే నీటిలో తేలే సూక్ష్మజీవరాశి, ఆక్సిజన్‌ను తయారు చేయదు, పైగా ఉన్నదాన్ని వాడుకుంటుంది. అందుకే తెల్లవారే ముందు నీటిలో ఆక్సిజన్ బాగా తగ్గుతుంది. కరెంటు పోయి జనరేటరు ఆలస్యమైన రాత్రి రొయ్యలు ఎంత మేరకు పైకి తేలాయో చూసినవాడు ఆయన ఒక్కడే. ఇలా తలా ఒక చోట ఉన్న ఎరుకను ఒక నిర్ణయంగా కూర్చుకోవడమే సామూహిక మేధ.

మీటింగు పెట్టినంత మాత్రాన అది రాదు. మేనేజరు ముందుగా "ఆరు టన్నులు వస్తాయి గదా" అంటే మిగిలినవారు "అంతే సార్" అంటారు. గదిలో ఐదుగురున్నా లెక్కకు వచ్చేది ఒక్కరి అభిప్రాయమే.

(దృశ్యం: పశుప్రదర్శన, చీటీలు రాస్తున్న జనం.)

1906లో ఇంగ్లండులోని ప్లిమత్ పశుప్రదర్శనలో ఒక ఎద్దును కోసి శుభ్రం చేశాక ఎంత మాంసం తూగుతుందో చెప్పమని పోటీ పెట్టారు. జనం రాసి ఇచ్చిన చీటీలను పరిశీలించిన ఇంగ్లీషు శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1907లో నేచర్ పత్రికలో ఫలితం ప్రకటించారు. పనికివచ్చిన 787 చీటీల మధ్యగతం, అంటే అంచనాలను వరుసగా పేర్చితే సరిగ్గా నడుమ వచ్చేది, 1207 పౌండ్లు; అసలు తూకం 1198 పౌండ్లు. తేడా ఒక్క శాతం కూడా లేదు. అక్కడ ఎవరి అంచనా వారే రాసి ఇచ్చారన్నది మన సంస్థలు గట్టిగా పట్టుకోవలసిన విషయం.

(దృశ్యం: షెడ్డులో బల్ల, మడిచిన చీటీలు.)

మన చెరువు గట్టున కూడా ఇదే పద్ధతి నడుస్తుంది. మాట్లాడుకోక ముందే ప్రతి ఒక్కరూ తమ అంచనాను, అందుకు ఒక కారణాన్ని చీటీ మీద రాయాలి. రాయడం రానివారు విడిగా ఒకరికి చెప్పి రాయించుకోవాలి. చీటీలన్నీ విప్పి మధ్యగతం చూశాక, అందరికంటే దూరంగా ఉన్న అంచనా రాసినవారిని ముందుగా మాట్లాడనివ్వాలి, ఎందుకంటే మిగిలినవారు చూడనిది వారు చూసి ఉండవచ్చు. మేనేజరు వంతు చివరిది.

2010లో సైన్స్ పత్రికలో వచ్చిన అమెరికా పరిశోధకురాలు అనితా వూలీ బృందం అధ్యయనం 699 మందిని చిన్న జట్లుగా పరీక్షించింది. జట్టు సామర్థ్యానికి సభ్యుల సగటు తెలివితోగాని, అందరిలో తెలివైనవారి తెలివితోగాని బలమైన సంబంధం కనిపించలేదు. ఎదుటివారి మనసు గ్రహించే నేర్పు, మాట్లాడే వంతు అందరికీ సమానంగా దక్కడం, జట్టులో స్త్రీల పాలు ఎక్కువగా ఉండడం మాత్రం దానితో ముడిపడి కనిపించాయి. ప్రాసెసింగ్ ప్లాంట్లలో తల తీసి, గ్రేడింగ్ చేసే మహిళలకు మెత్తపెంకు సరుకు చేతికి తగలగానే తెలుస్తుంది. వారిని ఏ మీటింగుకూ పిలవకపోవడం నా దృష్టిలో పెద్ద నష్టం.

అన్నిటికీ చీటీలు పనికిరావు. రొయ్యలకు సోకే తెల్లమచ్చ వైరస్ ఉందో లేదో ల్యాబులో చేసే పీసీఆర్ పరీక్షే తేల్చాలి. అందరూ ఒకే తప్పు మేత పట్టికను చూసి రాస్తే, ఎన్ని చీటీలు కలిపినా ఆ తప్పు పోదు.

(దృశ్యం: కాటా మీద రొయ్యల క్రేట్లు.)

పట్టుబడి రోజున కాటా చూపిన అసలు తూకాన్ని ఆ చీటీల పక్కనే రాసి షెడ్డులో అంటించండి. ఏ చెరువులో ఎవరి అంచనా ఎందుకు తప్పిందో తరువాతి పంటకు రొయ్య పిల్లను చెరువులో వదలక ముందే అందరూ కూర్చుని చూసుకోవచ్చు.