ఎల్‌ఈడీ వాడు మంచోడే, సౌండ్ వాడు మంచోడే... మరి మాటా పెదవులూ ఎందుకు కలవలేదు?

నమస్తే అండి! ఆ సంగీత్ వీడియో చూడనివాళ్లు కోనసీమలో ఉన్నారంటే నేను నమ్మను. అమలాపురం అవతల కొబ్బరితోటలో పెళ్లి, పెద్ద ఎల్‌ఈడీ గోడ, గంట షో. చివర్లో అమెరికా నుంచి మేనమామగారు రికార్డు చేసి పంపిన ఆశీర్వచనం. ఆయన నోరు తెరవకముందే తోటంతా "శతమానం భవతి" అని మోగిపోయింది. జనం ఒకటే నవ్వులు. అప్పటినుంచి కామెంట్లలో కొట్టుకు చస్తున్నారు, తప్పు ఎల్‌ఈడీ వాడిదా, సౌండ్ వాడిదా అని.

ఇద్దరిదీ కాదు. తప్పు రెండు బిల్లులది!

ఎల్‌ఈడీకి ఒక అడ్వాన్సు, సౌండ్‌కి ఇంకో అడ్వాన్సు. బొమ్మ ఈ ల్యాప్‌టాప్‌లో, పాట ఆ ల్యాప్‌టాప్‌లో. రెండిటినీ కలపడానికి ఒక వైరు కావాలి. ఆ వైరు ఏ బిల్లులోనూ లేదు, కాబట్టి స్టేజీ వెనకాలా లేదు. మరెలా కలుపుతున్నారయ్యా అంటే, "ఒన్, టూ, త్రీ, కొట్టు!" ఇద్దరూ ఒకేసారి స్పేస్‌బార్ కొడతారు. లక్షలు పోసి గోడ కట్టి, చివరికి మన టెక్నాలజీ ఇదండీ, ఆయ్!

సరే, ఒకేసారి కొట్టారే అనుకుందాం. ఏ రెండు ల్యాప్‌టాప్‌ల గడియారాలూ ఒకే వేగంతో నడవవు. పది లక్షల్లో 20 వంతులు తేడా ఉన్నా గంటకి 72 మిల్లీసెకన్లు జరుగుతుంది. మాట 45 మిల్లీసెకన్లు ముందొస్తే చాలు, చూసేవాడు పట్టేస్తాడని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ లెక్క. వెనకొస్తే మాత్రం 125 దాకా గమనించడట.

కానీ మేనమామగారిది మిల్లీసెకన్ల కథ కాదు, సెకన్ల కథ. నా అనుమానం ఫ్రేమ్ రేటు మీద, అంటే సెకనుకి ఎన్ని బొమ్మలు (ఫ్రేములు) తిరుగుతాయన్న లెక్క మీద. 30లో ఎడిట్ చేసి, ఫ్రేములు అలాగే ఉంచి 29.97లో బయటికి తీస్తే, గంటకి 3.6 సెకన్లు బొమ్మ వెనకబడుతుంది. మొదటి డ్యాన్సు బ్రహ్మాండంగా ఉండి, ఆశీర్వచనం దగ్గర పరువు పోయిందంటే ఇంకేమనుకోవాలి?

ఒకాయన కామెంట్ పెట్టాడు, "వీఎల్‌సీలో (అదే, వీడియోలు ఆడించే సాఫ్ట్‌వేర్) కే నొక్కితే సరిపోయేదిగా" అని. బాబూ, కే నొక్కితే జరిగేది వీఎల్‌సీ ఆడించే సౌండు, అదీ 50 మిల్లీసెకన్లు. ఇక్కడ సౌండు పక్క ల్యాప్‌టాప్‌లోంచి వస్తోంది. ఉదయం దాకా నొక్కు, ఏమీ కదలదు!

కావాల్సింది టైమ్‌కోడ్, అంటే షో ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చిందో క్షణక్షణం చెప్పే సిగ్నల్. వైరులో పంపే ఈ రకాన్ని ఎల్‌టీసీ అంటారు. ఒక్కో ఫ్రేముకి 80 బిట్లు. గంట, నిమిషం, సెకను, ఫ్రేమ్ నంబరు అన్నీ అందులో ఉంటాయి. మామూలు ఆడియోలాగే వైరులో పోతుంది. రీపర్ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో దాన్ని పుట్టించే జనరేటర్ ఉంది. ఖర్చు లేని పద్ధతి: ఆడియో ఫైల్లో ఎడమ చానల్‌లో పాట, కుడి చానల్‌లో కోడ్. పాట మిక్సర్‌కి, కోడ్ ఎల్‌ఈడీ ల్యాప్‌టాప్ ఇన్‌పుట్‌కి. అక్కడ రెజొల్యూమ్ అరీనా అనే వీడియో సాఫ్ట్‌వేర్ దాన్ని చదువుకుని బొమ్మని వెంట నడిపిస్తుంది. రెండు వైపులా ఒకే ఫ్రేమ్ రేటు పెట్టుకోండి. 25 అంటే 25, అంతే.

ఒక్క జాగ్రత్త. మిక్సర్ దగ్గర కుర్రాడు రెండు చానళ్లూ కలిపేశాడో, ఆ కోడ్ పాత ఫ్యాక్స్ మిషన్ గొంతుతో మండపంలో అరుస్తుంది. పంతులుగారు మంత్రం ఆపేస్తారు. కోడ్‌ని బ్లూటూత్‌లో పంపొద్దు, ఈక్యూ, గేటు లాంటి సౌండుని మార్చే సెట్టింగులు తగిలించొద్దు. ఒకరు జనరేటర్ మీద, ఒకరు ఇంటి కరెంటు మీద ఉంటే హమ్ (గుయ్యిమనే మోత) వస్తుంది, మధ్యలో దాన్ని ఆపే డీఐ బాక్స్ అనే చిన్న డబ్బా పెట్టండి.

ఇదేదో కొత్త వింత అనుకోకండి. 1993లో జురాసిక్ పార్క్‌తో వచ్చిన డీటీఎస్ అనే థియేటర్ సౌండ్ పద్ధతి ఏంటనుకున్నారు? శబ్దం సీడీలో ఉండేది, ఫిల్మ్ మీద బొమ్మ పక్కన టైమ్‌కోడ్ ఉండేది. రీలు తెగి నాలుగు ముక్కలు పోయినా, మెషీన్ ఆ టైమ్‌కోడ్ చదివి సరిగ్గా అక్కడికే దూకేది. మన థియేటర్ల గేటు మీద డీటీఎస్ బోర్డు చూసి మురిసిపోయాం కదా, అందులో సగం గొప్ప ఈ కోడ్‌దే!

ఆఁ, ఇంకోటి. తోట చివర కూర్చున్నవాళ్లు "మాకు ఇంకోలా వినపడింది" అంటున్నారు. నిజమే. శబ్దం 34 మీటర్లు నడవడానికి పదో వంతు సెకను పడుతుంది. దానికి టైమ్‌కోడ్ మందు కాదు, వెనక స్పీకర్లు పెట్టి వాటికి డిలే (కొంచెం ఆలస్యం) ఇవ్వాలి. అది మాత్రం పూర్తిగా సౌండ్ వాడి పనే, అక్కడ నేను వెనకేసుకురాను.

పెళ్లివారూ, అడ్వాన్సు ఇచ్చే రోజు ఇద్దర్నీ ఒకే అరుగు మీద కూర్చోబెట్టి అడగండి: "టైమ్‌కోడ్ ఎవరు పంపుతారు, సెకనుకి ఎన్ని ఫ్రేములు?" ఒకరి మొహం ఒకరు చూసుకున్నారా, డబ్బులు జేబులోనే ఉంచుకోండి. భీమవరం, పాలకొల్లు, రావులపాలెం సౌండ్ తమ్ముళ్లూ, నన్ను తిట్టాలనుంటే కింద తిట్టండి. కానీ మీ బిల్లులో ఆ వైరు ఎక్కడ రాశారో ఫొటో పెట్టి తిట్టండి!