లారీ కన్నా ముందు లిస్టు

శ్రోతలందరికీ నమస్కారం. ఇవాళ ఇల్లు మారడం గురించి మాట్లాడుకుందాం. పక్క వీధికి మారడం కాదండి, ఢిల్లీ నించో గురుగ్రామ్ నించో మన ఊరికి, ఇంట్లో సామానంతా, దాంతోపాటు కారు కూడా. ఉద్యోగాలకని పైకి వెళ్ళిన మన పిల్లలు చాలామంది అమ్మానాన్నలకి వయసైపోయిందనో, ఇంటి నించే పని చేసుకోవచ్చనో వెనక్కొస్తున్నారు, వచ్చే ముందు అందరూ అడిగే మొదటి మాట "లారీకి ఎంతవుద్ది?" అని. అది రెండో ప్రశ్నండి. మొదటి ప్రశ్న "ఏమేం తీసుకెళ్తున్నాం?" అది కాగితం మీద పెట్టండి. లారీ కన్నా ముందు లిస్టు. ఈ మాట ఇవాళ మళ్ళీ మళ్ళీ అంటాను, కావాలనే అంటాను.

ఎందుకంటే ఇంటి సామానుకి కిరాయి ఎక్కువగా బరువుని బట్టి కాదు, చోటుని బట్టి. లారీలో మీ సామాను ఎన్ని అడుగులు ఆక్రమిస్తుందన్నదే లెక్క. పుస్తకాల పెట్టె బరువుగా ఉంటుంది గానీ చోటు తక్కువ తింటుంది. ప్లాస్టిక్ కుర్చీలు, ఖాళీ బీరువా, కూలరు, ఇవి బరువు లేకపోయినా చోటంతా తినేస్తాయి, అంటే గాలికి కిరాయి కడుతున్నట్టే. అందుకే ఫోన్లో "టూ బీహెచ్‌కే, గురుగ్రామ్ టు విజయవాడ" అని చెప్తే అవతలాయన చెప్పే రేటుకి అర్థం లేదు. ఒకే టూ బీహెచ్‌కేలో ఒకళ్ళకి రెండు మంచాలు ఉంటాయి, ఇంకొకళ్ళకి ఇల్లంతా ఫర్నిచరే.

మా చెల్లెలు, మా మరిది గారు గురుగ్రామ్ నించి విజయవాడ వచ్చేశారు, వాళ్ళ సంగతి మొత్తం చెప్తాను, నాకు ఎంతో నచ్చిన పద్ధతి అది. ముందు వాళ్ళూ అందరిలాగే సామాను కట్టి తరలించే ముగ్గురు ప్యాకర్స్‌కి ఫోన్ చేశారు, మూడు రేట్లూ మూడు రకాలు, ఎక్కువ దానికీ తక్కువ దానికీ మధ్య దాదాపు రెట్టింపు తేడా. మా చెల్లెలు కంగారు పడి "అక్కా, తక్కువ చెప్పినాయనకి అడ్వాన్స్ పంపేద్దామా" అంది. ఆగవే, ముందు లిస్టు రాయి అన్నాను. ఒక నోటు పుస్తకం తీసుకుని గది గదికీ తిరిగి రాసింది, హాల్లో ఏముంది, వంటింట్లో ఏముంది, బాల్కనీలో ఏముంది, అటక మీద అట్టపెట్టెల్లో ఏముంది, అన్నీ.

ఆ లిస్టు పక్కన ఇంకో గీత గీసి, ప్రతి వస్తువుకీ ఎదురుగా "విజయవాడలో ఇది పనికొస్తుందా" అని రాసుకున్నారు. ఇక్కడే సగం ఖర్చు తేలిపోయిందండి. వాళ్ళింట్లో పెద్ద ఎడారి కూలరు ఉంది, మనిషెత్తు. ఢిల్లీ వైపు మే నెలలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తడి గడ్డి లోంచి వచ్చే గాలి చల్లగా తగులుతుంది, మన కృష్ణా ఒడ్డున గాల్లోనే తేమ, ఇక్కడ ఆ కూలరు వేస్తే ఇంకా ఉక్కపోతే. అక్కడే అమ్మేశారు. రెండు రూమ్ హీటర్లు, బరువైన రజాయిలు, అవీ అక్కడే ఇచ్చేశారు, పనమ్మాయి సంతోషంగా తీసుకుంది. ఇన్వర్టర్ బ్యాటరీ, లోపల యాసిడ్ ఉంటుంది, పక్కకి ఒరిగితే మిగతా సామాను పాడు, పైగా పాతది, అక్కడే అమ్మేశారు. గ్యాస్ సిలిండర్ అసలు లారీ ఎక్కించకూడదు, గ్యాస్ ఏజెన్సీలో సిలిండరూ రెగ్యులేటరూ సరెండర్ చేసి, డిపాజిట్ డబ్బులు వెనక్కి తీసుకుని, వాళ్ళిచ్చే వోచరు జాగ్రత్తగా పెట్టుకుంటే ఇక్కడ కొత్త కనెక్షన్‌కి చూపించొచ్చు. అలా చూసుకుంటూ పోతే పుస్తకంలో మూడో వంతు కొట్టేశారు.

మిగిలిన లిస్టు ఫోటో తీసి మళ్ళీ ఆ ముగ్గురికే పంపారు. ఈసారి మూడు రేట్లూ దగ్గర దగ్గరికొచ్చాయి! అంతకుముందు తక్కువ చెప్పినాయన రేటు పెరిగింది, ఎక్కువ చెప్పినాయన రేటు తగ్గింది. దీని అర్థం ఏంటంటే, లిస్టు లేకుండా తక్కువ చెప్పే రేటు చాలాసార్లు తర్వాత పెరగడానికి చోటు ఉంచుకున్న రేటు. సామాను ఎక్కేసి లారీ మీ ఊరు చేరాక "మేడమ్, సామాను ఎక్కువైంది, ఇంకో పదిహేను వేలు కడితేనే దించుతాం" అంటారు చూడండి, అది అక్కడ పుడుతుంది. లిస్టు మీద వాళ్ళ సంతకం ఉంటే ఆ మాట అనడం కష్టం. కొటేషన్ కాగితం మీద లిస్టు, ప్యాకింగు, ఎక్కించడం, దించడం, లిఫ్ట్ లేకపోతే మెట్లు, ట్యాక్సు, అన్నీ కలిపి ఒకే మొత్తం రాయించండి. ఇంకోటి, "ఈ-వే బిల్లు లేదు, చెక్‌పోస్ట్‌లో ఆపేశారు, డబ్బు పంపండి" అని దారిలోంచి ఫోన్ వస్తే భయపడకండి, ఈ-వే బిల్లంటే సరుకు తరలించేటప్పుడు జీఎస్టీ కింద ఉండాల్సిన కాగితం, మనం వాడుకున్న ఇంటి సామానుకి జీఎస్టీ రూల్స్‌లో అది అక్కర్లేదు, మినహాయింపు ఉంది.

సరే, మా మరిది గారు అక్కడితో ఆగలేదు. ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. అది మే నెల కదా, మన విజయవాడ పక్కన నున్న మార్కెట్ నించి బంగినపల్లి మామిడికాయల లారీలు ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీకి పోతుంటాయి. కాయలు దించాక ఆ లారీ ఖాళీగా వెనక్కి రాలేదు కదా, ఏదో ఒక రిటర్న్ లోడు కావాలి. ఆజాద్‌పూర్ దగ్గర్లోనే సంజయ్ గాంధీ ట్రాన్స్‌పోర్ట్ నగర్ ఉంది, అక్కడ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులు వరసగా ఉంటాయి, ఆదివారం పొద్దున్నే వెళ్ళి ఏపీ నంబరు లారీలు వెతుక్కుంటూ తిరిగారు. ఒక డ్రైవరు లారీ నీడలో కూర్చుని టీ తాగుతుంటే "అన్నా, ఎటు పోతావు" అని తెలుగులో అడిగితే ఆయన లేచి నిలబడి "బెజవాడే బాబూ, లోడు కోసం చూస్తన్నా" అన్నాడట. ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది.

కానీ బేరం డ్రైవరుతో నోటి మాటగా చేసుకోలేదండి, అది గమనించండి. ఆ లారీ నడుపుతున్న ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకి వెళ్ళి, రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసి, ఎల్‌ఆర్ రాయించుకున్నారు. ఎల్‌ఆర్ అంటే లారీ రసీదు, అక్కడివాళ్ళు బిల్టీ అంటారు, ఎవరి సామాను, ఎన్ని పెట్టెలు, ఎక్కడి నించి ఎక్కడికి, కిరాయి ఎంత, అంతా అందులో ఉంటుంది. లిస్టు దాని వెనక జత చేశారు. వీళ్ళ సామానుకి లారీలో ముందు భాగమే సరిపోయింది, మిగతా చోట్లో ఆఫీసు వాళ్ళు వేరే సరుకు వేసుకున్నారు, కిరాయి తగ్గింది అందుకే. లారీలో వరిగడ్డి, మామిడి సొన ఉంటాయి కాబట్టి ముందు రోజే కడిగించి, ఎండబెట్టి, అడుగున మందం టార్పాలిన్ పరిపించారు. మామిడికాయల లారీ కాబట్టి సరిపోయింది, చేపల లారీ అయితే మాత్రం ఎంత కడిగినా వద్దు, పరుపులకి ఆ వాసన పట్టేస్తుంది.

ప్యాకింగ్‌కి మాత్రం మనుషుల్ని విడిగా పిలిచారు, ప్యాకింగ్ ఒక్కటే చేసి పోయేవాళ్ళు ఉంటారు. బీరువా ఖాళీగా పంపకుండా దిళ్ళూ బట్టలూ కుక్కారు. ఫ్రిజ్ ముందు రోజే ఆపేసి ఐసు కరిగించి తుడిచి, నిలువుగానే కట్టారు. ముందు నించి తలుపు తెరిచే వాషింగ్ మెషీన్‌కి కొన్నప్పుడు వెనక బోల్టులు ఇస్తారు, లోపల డ్రమ్ము ఊగకుండా పట్టుకునేవి, అవి దాచిపెట్టి ఉంటే మళ్ళీ బిగించి పంపాలి, లేకపోతే 1,800 కిలోమీటర్లు డ్రమ్ము కొట్టుకుంటూ వస్తుంది. గురుగ్రామ్‌లో వాళ్ళ అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికి పెద్ద లారీ రాదు, టాటా ఏస్ పెట్టి ట్రాన్స్‌పోర్ట్ నగర్ దాకా తోలారు. ఇవన్నీ కలిపి, ఇన్సూరెన్స్ కూడా కలిపి, ఆ మూడు కొటేషన్లలో తక్కువ దానికి సగం కన్నా కాస్త పైన అయింది.

ఇది అందరికీ కుదురుతుందని అనను. ఇంట్లో చంటిపిల్లలు ఉన్నా, అటూ ఇటూ నిలబడి చూసుకునే మనిషి లేకపోయినా, అద్దాల సామాను ఎక్కువున్నా ప్యాకర్స్‌కి ఇవ్వడమే మంచిది. అప్పుడు ఒకటే అడగండి, "ఇన్సూరెన్స్" అని విలువలో ఇంత శాతం వసూలు చేస్తున్నారు కదా, ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చిన సర్టిఫికెట్ మీ పేరున చూపిస్తారా? చూపించకపోతే అది వాళ్ళ సొంత హామీ మాత్రమే. సర్టిఫికెట్‌కి కూడా ఏ వస్తువు ఎంత విలువ అన్న లిస్టే కావాలి. మళ్ళీ లిస్టే చూడండి.

ఇక కారు. కారుని ట్రైలర్ లారీ మీద పంపొచ్చు, లేదా నడుపుకుంటూ రావచ్చు. ఏది చవకో కూర్చుని లెక్కేయండి. విజయవాడకి ఆగ్రా, గ్వాలియర్, ఝాన్సీ, సాగర్, నాగ్‌పూర్, ఆదిలాబాద్ మీదుగా 44వ నంబరు హైవేలో హైదరాబాదు, అక్కడి నించి 65వ నంబరు, మొత్తం 1,800 కిలోమీటర్ల పైన. లీటరుకి 16 ఇచ్చే కారైతే 115 లీటర్లు, టోల్‌గేట్లు, రెండు రాత్రులు హోటలు. ఇద్దరు నడిపేవాళ్ళుండి, ఎలాగూ కుటుంబానికి టికెట్లు కొనాల్సి ఉంటే నడపడమే కలిసొస్తుంది, మా వాళ్ళు అదే చేశారు, ఝాన్సీలో ఒక రాత్రి నాగ్‌పూర్‌లో ఒక రాత్రి ఆగి, చీకట్లో బండి నడపకుండా వచ్చారు. ఒక్కళ్ళే అయితే మాత్రం దయచేసి ట్రైలర్‌కి ఇవ్వండి, నిద్ర ముంచుకొచ్చే దారి అది.

ట్రైలర్‌కి ఇస్తే నాలుగు వైపులా ఫోటోలు, కిలోమీటర్ల రీడింగు ఫోటో, పెట్రోలు కొంచెమే ఉంచడం. ట్రైలర్ ఊళ్ళోకి రాదు కాబట్టి మీ ఇంటి నించి వాళ్ళ యార్డు దాకా ఎవరో ఒక డ్రైవరు నడుపుతాడు, ఆ రీడింగు అందుకే. అద్దం మీద ఫాస్టాగ్ ఉంటే ట్రైలర్ మీదున్నా టోల్ మెషీన్ చదివేసే వీలుంది, అనవసరంగా టోల్ కట్ అయిందేమో మెసేజీలు చూసుకోండి. కారుకి విడిగా ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ అంటూ డబ్బు కట్టే ముందు మీ కారు పాలసీ తీసి చదవండి, మన దేశంలో మామూలు ప్యాకేజీ పాలసీలో, అంటే ఫుల్ ఇన్సూరెన్స్‌లో, రోడ్డు మీదో రైల్లోనో తరలిస్తుండగా జరిగే నష్టం కూడా కవర్ అవుతుందని రాసే ఉంటుంది. థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్నవాళ్ళకి అది ఉండదు.

ఇవన్నీ సరే, కారు విషయంలో ఒక్కటి మాత్రం ఆ ఊరు వదలక ముందే చేయండి. ఎన్ఓసీ. వేరే రాష్ట్రంలో బండి 12 నెలలు దాటి ఉంటే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి, దానికి అభ్యంతరం లేదని పాత ఆర్టీవో ఇచ్చే కాగితం, అదే ఎన్ఓసీ, కావాలి, ఫారం 28. మా వాళ్ళ కారు లోను ఎప్పుడో తీరిపోయింది, కానీ ఆర్సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉంది. బ్యాంకు లెటరు, ఫారం 35 పెట్టి ఆ పేరు తీయిస్తే గానీ పని ముందుకి నడవదు. పాత చలాన్లు ఉన్నాయేమో చూసుకుని అవీ కట్టేయాలి. వాళ్ళు రెండు నెలల ముందే మొదలుపెట్టారు కాబట్టి లారీ కదిలేనాటికి కాగితం చేతిలో ఉంది. ఇక్కడికొచ్చాక గుర్తొస్తే ఆ ఒక్క కాగితం కోసం అంత దూరం మళ్ళీ టికెట్టు కొనాల్సి రావొచ్చు, సామాను మీద మిగిల్చింది అక్కడ పోతుంది. రాష్ట్రం మారినా మార్చక్కర్లేని బీహెచ్ సిరీస్ నంబరు ఉన్నవాళ్ళకి ఈ బాధ లేదు, 2021లో వచ్చింది అది, నాలుగు రాష్ట్రాలకి తగ్గకుండా ఆఫీసులున్న కంపెనీల్లో పనిచేసేవాళ్ళు, ప్రభుత్వోద్యోగులు తీసుకోవచ్చు. మామూలు నంబరు వాళ్ళు ఇక్కడ కారు వయసుని బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి, అది సామాను కిరాయి కన్నా ఎక్కువైనా ఆశ్చర్యం లేదు, కాబట్టి కారు పాతదైతే అక్కడే అమ్మేసి రావడం మంచిదేమో ఆలోచించండి. కొత్త నంబరు వచ్చాక పాత రాష్ట్రంలో మిగిలిన కాలానికి కట్టిన ట్యాక్స్ వెనక్కి ఇమ్మని దరఖాస్తు పెట్టడం మర్చిపోవద్దు, చాలామంది దీన్ని వదిలేస్తారు, మీ డబ్బే అది.

సామాను దిగే రోజు ఒకళ్ళు గుమ్మం దగ్గర నిలబడి లిస్టులో టిక్కులు పెట్టుకోండి. విరిగింది, గీత పడింది, రాలేదు, ఏదైనా సరే డెలివరీ కాగితం మీద రాసిన తర్వాతే సంతకం పెట్టండి, "తర్వాత చూద్దాంలే మేడమ్" అంటే వినొద్దు. నష్టం ఉంటే ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళకి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం సామాను బుక్ చేసిన రోజు నించి 180 రోజుల లోపు. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు, ఫోన్ చేసేటప్పుడు ఎల్‌ఆర్ కాగితం, లిస్టు పక్కన పెట్టుకోండి. నమస్కారం.