పునన్ భాషలు: పేరు ఒకటి, చుట్టరికం ఒకటి

నమస్తే. ముందు మ్యాప్ చూడండి. ఇది ఆగ్నేయాసియాలోని బోర్నియో దీవి. వాయవ్యంలో ఉన్నది మలేషియాకు చెందిన సారవాక్, దక్షిణాన ఉన్న పెద్ద భాగం ఇండోనేషియాది. మధ్యలో ఈ కొండల దగ్గర, నదుల ఎగువన పునన్‌లు అనే అడవి గుంపులు ఉంటాయి. వాళ్లు తరతరాలుగా వేటాడుతూ, అడవి సాగో తాటి జాతి చెట్ల మొద్దుల్లోంచి పిండి తీసుకుని తింటూ బతికారు. మన సగ్గుబియ్యంలోని ‘సగ్గు’ కూడా మలయ్ భాషలోని ‘సాగు’ మాటే. కాకపోతే మనం కర్రపెండలంతో చేసుకుంటాం.

పునన్ అంటే ఒకే భాష అనుకుంటే ఇక్కడే పొరపాటు పడతాం. అడవిలో తిరిగే ఎన్నో గుంపులను కలిపి పిలిచే పేరు అది. పునన్ బా అనేవాళ్లయితే స్థిరపడి వ్యవసాయం చేసుకునేవాళ్లు! పెనాన్‌లు వేటగాళ్లే, కానీ వాళ్ల భాష బోర్నియోలోనే వరి పండించే కెన్యా అనే తెగ (ఆఫ్రికా దేశం కాదు) వాళ్ల భాషకు దగ్గర. బెకెతాన్, లిసుమ్ అనే అడవి గుంపుల భాషలను భాషా శాస్త్రవేత్త అలెగ్జాండర్ స్మిత్ 2017లో చేసిన వర్గీకరణలో మెలనౌ భాషల పక్కన పెట్టారు. మెలనౌలు ఉండేది సముద్ర తీరంలో. బతుకుతెరువు చూసి భాష చుట్టరికం చెప్పలేం.

మరి ఎలా చెప్పాలి? మాటలు పక్కపక్కన పెట్టి చూడాలి. ‘ఏడు’ అంకె తీసుకుందాం. ఈ భాషలన్నీ ఆస్ట్రోనేషియన్ అనే పెద్ద భాషా కుటుంబానివి. దాని మూలభాషలో అది ‘పితు’. జావా భాషలో ఇప్పటికీ ‘పితు’, ఫిలిప్పీన్స్‌లోని టగలాగ్‌లో ‘పితో’, ఎక్కడో ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్‌లో ‘ఫితో’. ఇప్పుడు మలయ్ చూడండి: ‘తుజుహ్’. బోర్నియోలోని కాయన్ భాషలో ‘తుసు’. పాత మాట పోయి కొత్తది వచ్చింది. ఇలాంటి మార్పులు చూసే భాషా శాస్త్రవేత్త రాబర్ట్ బ్లస్ట్ 2010లో ‘గ్రేటర్ నార్త్ బోర్నియో’ అనే శాఖను ప్రతిపాదించారు. కెన్యా, మెలనౌ, మలయ్‌లతో పాటు పునన్ భాషలూ అందులోకే వస్తాయి. నాకు బాగా నచ్చే విషయం ఏంటంటే, మడగాస్కర్ భాష కూడా బోర్నియో నుంచే వెళ్లింది, కానీ ఆగ్నేయ మూలలోని బరితో నది వైపు నుంచి. అక్కడి భాషలు ఈ శాఖలోవి కావు, అందుకే అది ‘ఫితో’ను వదల్లేదు.

ఒక్క మాటతో చుట్టరికం తేలిపోదు, అప్పు తెచ్చుకున్న మాటలూ ఉంటాయి. అందుకే శబ్దాలు ఒక క్రమంలో మారాయా లేదా అని వందల మాటల్లో వెతుకుతారు.

మీకు ఎక్కడైనా ‘పునన్’ అని రాసిన పదాల పట్టిక దొరికితే, ముందు ఆ పేరు పక్కన ఇంకో పేరు ఉందేమో చూడండి: పునన్ తుబు, పునన్ కెలాయ్. అవి నదుల పేర్లు. ఆ నది ఎక్కడుందో మ్యాప్‌లో గుర్తుపెట్టుకున్నాకే మాటలు పోల్చడం మొదలుపెట్టండి.