సురభి ‘మాయాబజార్’ రివ్యూ: లడ్డూలు ఎగరాలంటే మీరెక్కడ కూర్చోవాలి?

నమస్తే అండీ! ఇవాళ సినిమా పక్కన పెట్టి నాటకం రివ్యూ చేద్దాం. సురభి నాటక సమాజం వాళ్ల ‘మాయాబజార్’. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో లలితకళాతోరణం ఉంది కదా, అక్కడ. మెట్రోలో వచ్చేవాళ్లకి అసెంబ్లీ, నాంపల్లి స్టేషన్లు రెండూ దగ్గరే.

తీర్పు ముందే చెప్పేస్తా. మాయలకి నూటికి నూరు, పద్యాలకి డెబ్బై అయిదు, మైకులకి గుండుసున్నా.

ముందు సీటు సంగతి. తొందరగా వెళ్లి మొదటి వరుస పట్టేశామని సంబరపడకండి, ఈ నాటకానికి అది తప్పు సీటు. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరి వెళ్లే సీను కోసమే కదా సగం మంది వచ్చేది. సన్నటి నల్ల దారం, వెనక ముదురు రంగు తెర, దారం మీద పడని లైటు. ఈ మూడూ కుదిరితే దారం మాయమైపోతుంది. మొదటి వరుసలో కూర్చుంటే మన చూపు కింద నుంచి పైకి పోతుంది. అప్పుడు దారం వెనక తెర బదులు పైనున్న లైట్లు పడతాయి, గుట్టు రట్టు. బాగా పక్కకి కూర్చుంటే వింగులో, అంటే స్టేజీ పక్క చాటులో, దారం లాగే మనిషే కనిపిస్తాడు. ఆరో వరుస నుంచి పదో వరుస దాకా, నడిమధ్య సీట్లు చూసుకోండి. ఇంకోటి, ఫోన్ ఫ్లాష్ వేయకండి బాబూ. ఆ వెలుగు దారం మీద పడి తళుక్కుమంటుంది. మీ ఒక్క ఫొటో కోసం చూసేవాళ్లందరికీ మాయ చెడుతుంది.

బాణాలు గాల్లో ఢీకొనే మాయలకి కిటుకు వేరే. అటు వింగు నుంచి ఇటు వింగుకి బిగించిన తీగ మీద బాణం జారుతుంది. తీగ బిగువుగా ఉండాలి. కాస్త వదులైతే మధ్యలో కుంగుతుంది, బాణం ఆ పల్లంలోకి వచ్చి ఆగిపోతుంది. అలా ఆగితే నవ్వకండి, లోపల ఎవరో చెయ్యి కోసుకునేంత గట్టిగా లాగుతుంటారు.

1957 నాటి సినిమాలో మార్కస్ బార్ట్లే కెమెరాతో చేసిన మాయ మనందరికీ తెలుసు. ఇక్కడ రీటేకు లేదు. అసలు సురభి వాళ్లకి ఈ చేతినేర్పు ఎక్కడిదంటే, తాతముత్తాతలది తోలుబొమ్మలాట. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో బొమ్మలు పక్కన పెట్టి, మనుషులే వేషం కట్టి ‘కీచక వధ’ ఆడారు. ఆ ఊరి పేరే వీళ్లకి నిలిచింది. తెర, దీపం, కనిపించని చెయ్యి అన్నీ అక్కడివే. మిగతా నాటక కంపెనీల్లో ఆడవేషాలు మగవాళ్లు కడుతున్న రోజుల్లోనే ఇక్కడ ఆడవాళ్లు స్టేజీ ఎక్కారు. కుటుంబాలకి కుటుంబాలే నటులు మరి.

ఇక తెరలు. దర్బారు తెర, ఉద్యానవనం తెర, అడవి తెర, అన్నీ గుడ్డ మీద చేత్తో వేసినవి. లక్ష్మణకుమారుడి హాస్యం ఎందుకింత సాగుతుందని చాలామంది విసుక్కుంటారు. ఆ సీను ముందు తెర దగ్గరే, నాలుగడుగుల జాగాలో నడుస్తుంది, గమనించారా? ఆ తెర వెనక అప్పుడే తర్వాతి పెద్ద సెట్టు నిలబెడుతుంటారు. చెవి పెట్టి వినండి, బల్లలు జరిపే చప్పుడు వస్తుంది. సెట్టు ఆలస్యమైతే జోకులు పెరుగుతాయి, అంతే!

పద్యాల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. పద్యాల్లో రకాలుంటాయి: శార్దూలానికి పాదానికి 19 అక్షరాలు, మత్తేభానికి 20, రెండింటికీ నాలుగు పాదాలు. పద్యానికి తాళం ఉండదు కాబట్టి ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో నటుడిదే నిర్ణయం. యతి దగ్గర ఆగాలని కొందరు అనుకుంటారు. తెలుగులో యతి అక్షరమైత్రి కుదిరే చోటు. ఆగాల్సింది అర్థం తెగే చోట. ‘గదాదండము’ అనే మాటని మధ్యలో విరిచి చూడండి: ‘గదా... దండము!’ యుద్ధానికొచ్చినవాడు నమస్కారం పెట్టి వెళ్లిపోయినట్టుంటుంది. రాగాలాపన పాదం చివర ఎంత సాగినా ముచ్చటే, మాట మధ్యలో సాగితే మాత్రం కథ చెవిన పడదు. పాతిక మార్కులు నేను కోసింది ఇందుకే.

హార్మోనియం వాయించేవాళ్లకి మాత్రం దండం. ఆ మెట్ల మీద స్వరం నుంచి స్వరానికి జారడం కుదరదు. అందుకే మంచి హార్మోనిస్టు గాయకుడితో పోటీపడి పరిగెత్తడు. ఆధార స్వరం పట్టుకుని ఉండి, గొంతు ఆగగానే ఆ స్వరాల వరుసని అందుకుంటాడు. తబలా అప్పటిదాకా మౌనం, పాట మొదలైతేనే జోరు.

మరి మైకుల మీద కోపమెందుకు? మైకుల్లేని రోజుల్లో చివరి వరుసకి వినపడాలని నాలుగు, ఐదు శ్రుతుల్లో, అంటే బాగా పై స్థాయిలో, ఎత్తుకునేవాళ్లు. ఇప్పుడు మైకుంది, గొంతు మాత్రం అదే ఎత్తులో ఉంది, దాంతో తారస్థాయికి వెళ్లగానే స్పీకరు పగిలినట్టు మోగుతుంది. మైకు కింద నుంచి రెండడుగులు పక్కకి జరిగితే మాట సగానికి పడిపోతుంది. సౌండ్ చూసేవాళ్లు అప్పుడు వాల్యూమ్ పెంచుతారు, స్పీకర్ల మోత తిరిగి మైకులోనే పడి ‘కూ’మంటుంది. ఒకటిన్నర, రెండు శ్రుతులకి దిగితే ఈ గోల చాలావరకు తగ్గుతుంది. పాతకాలం అభిమానులు ఒప్పుకోరని తెలుసు, కామెంట్లలో తిట్టండి పర్లేదు!

చిన్నపిల్లలతో వెళ్తే దారి పక్క సీటు తీసుకోండి. పొగ, మంటలు, ఢామ్మనే మోతలు ఉంటాయి, ఎత్తుకుని బయటికి నడవాల్సి రావచ్చు. కాస్త పెద్దపిల్లలైతే నాటకం అయ్యాక అడిగి, స్టేజీ వెనక ఆ దారాలు చూపించండి. అయ్యేదాకా మాత్రం దారం ఊసెత్తకండి.