ఏడుగురి ఆట, ఒక్క సంతకం

శ్రోతలకు నమస్కారం.

బంతిని చేత్తో విసిరి గోలు కొట్టే హ్యాండ్‌బాల్ ఆటకు కోర్టు గీయడం ఎప్పుడైనా చూశారా? కావలికీ నెల్లూరుకీ మధ్య ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్ మాస్టారుగా నేను ఆ పని చాలా ఏళ్ళు చేశాను. గోలు స్తంభం మొదట్లో మేకు కొట్టి, 6 మీటర్ల తాడు కట్టి, రెండో కొసన సున్నం డబ్బా ఇచ్చి ఒక పిల్లవాణ్ణి నడిపిస్తే పావు సున్నా వస్తుంది. రెండో స్తంభం దగ్గర ఇంకో పావు. ఆ రెంటినీ 3 మీటర్ల తిన్నని గీతతో కలిపితే 'డి' తయారు. దాని లోపల గోల్‌కీపర్ తప్ప ఎవరూ కాలు పెట్టకూడదు. అందుకే ఆడేవాళ్ళు గీత బయటినుంచి గాల్లోకి ఎగిరి, కాలు నేలకు ఆనేలోపే బంతి విసురుతారు. ఆటలో అందమంతా ఆ ఎగరడంలోనే ఉంది.

మా ఎర్రమట్టి గ్రౌండులో మధ్యాహ్నం గాలికి సగం సున్నం లేచిపోయేది. ఇంక సాయంత్రం చూడాలి. "గీత తొక్కాడు సార్!" "తొక్కలా సార్!" గీతే కనపడనప్పుడు నేను మాత్రం ఏం తేల్చను?

ఆ 6 మీటర్లు ఎవరు చెప్పారు అంటే, అంతర్జాతీయ హ్యాండ్‌బాల్ సమాఖ్య. 1946లో కోపెన్‌హేగన్‌లో పుట్టింది, ఆఫీసు స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఈ ఆటని పెద్ద మైదానంలో జట్టుకు పదకొండుమందితో ఆడారు. ఇప్పుడు మనం చూసే ఏడుగురి ఆట ఒలింపిక్స్‌కి వచ్చింది 1972లో, మ్యూనిక్‌లో. మన దేశంలో హ్యాండ్‌బాల్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా మొదలైందీ ఆ ఏడాదే. దాని కింద రాష్ట్ర అసోసియేషన్లు, వాటి కింద జిల్లా అసోసియేషన్లు. మా పిల్లలకు మాత్రం అందరూ కలిపి 'అసోసియేషనోళ్ళు'.

వీళ్ళు చేసే పనులు చాలానే ఉన్నాయి. నేషనల్స్ జరపాలి, రిఫరీలకు పరీక్షలు పెట్టాలి, దేశం జట్టును ఎంపిక చేసి పంపాలి. కానీ పల్లెటూరి పిల్లకు వీటన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. సంతకం. స్పోర్ట్స్ కోటాలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి పెట్టుకుంటే, దేశం తరఫున ఆడినవాళ్ళకు ఫారం 1 అడుగుతారు. దాని మీద జాతీయ ఫెడరేషన్ కార్యదర్శి సంతకం ఉండాలి. రాష్ట్రం తరఫున నేషనల్స్ ఆడితే ఫారం 2, రాష్ట్ర అసోసియేషన్ కార్యదర్శి సంతకం. స్వయంగా చేసిన సంతకమైతేనే చెల్లుతుందని ఆ ఫారం అడుగునే రాసి ఉంటుంది. అడుగున రాసింది ఎవరు చదువుతారు? నేనూ చదవలేదు.

మా స్కూల్లో ఒక ఎడమచేతి వాటం అమ్మాయి ఉండేది. వాళ్ళ నాన్న రొయ్యల గుంటల దగ్గర కాపలా. హ్యాండ్‌బాల్‌లో కుడివైపు మూలనుంచి గోలు కొట్టాలంటే ఎడమచేతివాళ్ళకు కోణం బాగా దొరుకుతుంది, కాబట్టి అలాంటి పిల్ల దొరికితే మాకు పండగే. అఖిల భారత అని పేరు పెట్టుకున్న ఒక సంస్థ ఉత్తరాదిలో టోర్నమెంటు పెడితే నేనే పంపించాను. ఎంట్రీ ఫీజు, రైలు ఖర్చులు పిల్ల ఇంటివాళ్ళే పెట్టుకున్నారు. వెండి పతకంతో వచ్చింది. స్టేషన్‌కి దండ తీసుకుపోయాను కూడా.

నాలుగేళ్ళ తర్వాత ఉద్యోగానికి పెట్టుకుంటే ఆ సర్టిఫికెట్ పక్కన పెట్టేశారు. గుర్తింపు ఉన్న ఫెడరేషన్ ఇచ్చింది కాదట. వాళ్ళమ్మ ప్లాస్టిక్ కవర్లో కాయితాలన్నీ పట్టుకుని మా ఇంటికొచ్చింది. "ఏంది సార్, ఆడింది ఆడిందే గదా? కాయితం ఎవురిదైతే ఏంది?" అని అడిగింది. కాఫీ ఇచ్చాం, తాగలేదు.

తప్పు ఆమెది కాదు, పిల్లది అసలే కాదు. పంపేముందు నేను విచారించాల్సింది. మన రాష్ట్రంలో సొసైటీ రిజిస్టర్ చేయడానికి ఏడుగురు ఉంటే చాలు. హ్యాండ్‌బాల్ కోర్టులో దిగడానికీ ఏడుగురే! పేరులో 'జాతీయ' అని ఉన్నంత మాత్రాన ప్రభుత్వం గుర్తించిన జాతీయ సంస్థ అయిపోదు. 2011 నాటి క్రీడా నియమావళి ప్రకారం గుర్తింపు ఆటకు ఒక్క సంస్థకే. ఆ ఒక్క కుర్చీ కోసమే కొట్లాటలు. మన దేశంలో చాలా ఆటలది ఇదే కథ. హ్యాండ్‌బాల్ పెద్దలూ వర్గాలుగా చీలి కోర్టుల దాకా పోయారు. ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అనేది నాకు అనవసరం. వాళ్ళకు వాయిదా పడితే ఇంకో తేదీ వస్తుంది. పదిహేడేళ్ళ పిల్లకు జూనియర్స్ వయసు దాటితే మళ్ళీ రాదు. 2025లో వచ్చిన జాతీయ క్రీడల పాలన చట్టంలో ఇలాంటి తగాదాలకు ప్రత్యేకంగా ట్రిబ్యునల్ పెట్టారు. తీర్పులు త్వరగా వస్తాయా అన్నదే చూడాలి.

2023లో జైపూర్‌లో ప్రీమియర్ హ్యాండ్‌బాల్ లీగ్ జరిగితే, తెలుగు టాలన్స్ అని మన పేరుతోనూ ఒక జట్టు ఆడింది. బీచ్ హ్యాండ్‌బాల్ అని ఇంకో రకం కూడా ఉంది. జట్టుకు నలుగురు, ఇసుకే కోర్టు, గాల్లో గిరుక్కున తిరిగి గోలు కొడితే రెండు పాయింట్లు. మైపాడు, కొత్తపట్నం ఇసుక చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. ఇంత సముద్రం పెట్టుకుని మనం మొక్కజొన్న కంకులు తిని వస్తున్నాం.

ఆ అమ్మాయి ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీ. పోయిన నెల ఫోన్ చేసింది. "సార్, సెలెక్షన్స్ అంట. లెటర్ ఫొటో పెట్టినాను. పిల్లకాయల దగ్గిర డబ్బులింకా వసూలు చెయ్యలా. అడుగున సంతకం ఎవురిదో మీరూ ఒకసారి చూడండి సార్."

కళ్ళజోడు వెతుక్కుని, ఫొటోను రెండు వేళ్ళతో పెద్దది చేసి, చివరి పంక్తి నుంచి చదవడం మొదలుపెట్టాను.