నేపాలీ ఛోయ్‌లా: ముందు కాల్చి, తర్వాత మసాలా

హాయ్ అందరికీ, ఈరోజు ఛోయ్‌లా. ఖాట్మండూ లోయలో ఉండే నెవార్ల వంటకం ఇది. అసలుదైతే గేదె మాంసం, అక్కడ బఫ్ అంటారు, వరిగడ్డి మంట మీద పైన నల్లబడేదాకా కాలుస్తారు, అందుకే హాకు ఛోయ్‌లా అని పేరు, నెవారీలో హాకు అంటే నలుపు. మన అపార్ట్‌మెంట్లో గడ్డి తగలబెడితే వాచ్‌మన్ పరిగెత్తుకొస్తాడు కాబట్టి, అర కిలో బోన్‌లెస్ చికెన్, తొడ ముక్కలు, గ్రిల్ పాన్.

ఇదిగో, కొంచెం ఉప్పు రాశానంతే. పెరుగు లేదు, నానబెట్టడం లేదు. మనం మసాలా పట్టించి కాలుస్తాం కదా, వీళ్ళు కాల్చేసి కలుపుతారు. హై ఫ్లేమ్, రెండు వైపులా, లోపల ఉడకాలి, ఇలా... అక్కడక్కడా మాడినా పర్లేదు, మాడాలి కూడా. తీసేసి చిన్న ముక్కలు కోసేయండి.

ఇందులోకి అల్లం, వెల్లుల్లి, ఎండుమిర్చి కచ్చాపచ్చాగా దంచింది, ఒక స్పూన్ జీలకర్ర పొడి, ఉప్పు, వెల్లుల్లి ఆకులు దొరికితే అవి, లేకపోతే ఉల్లికాడలు. మిక్సీ వద్దు, పేస్ట్ అయిపోతుంది, నేనైతే ఈ చిన్న రోలే వాడతా, మా అమ్మది, అంచు పగిలింది చూడండి, అయినా వదల్లేదు.

ఇప్పుడు ఆగండి, ఇక్కడే నేను రెండుసార్లు పాడుచేశా. తాలింపు గరిటెలో మూడు స్పూన్లు ఆవ నూనె, పొగ వచ్చేదాకా కాగాలి, లేకపోతే పచ్చి ఘాటు పోదు. అర స్పూన్ మెంతులు వేయండి. మన చేతికేమో అలవాటు, మెంతులు ఎర్రబడగానే స్టవ్ ఆపేస్తాం, నల్లబడితే చేదని. దీనికి నల్లబడాలి! చూడండి, ఎరుపు... ఇంకా ఎరుపే... ఇంకొంచెం... ఆ, ఇప్పుడు నలుపు, ఆపేయండి. ఫస్ట్ టైం ఎర్రగా ఉన్నప్పుడే దించేశా, అసలు ఆ వాసనే రాలేదు. సెకండ్ టైం నలుపు వచ్చింది కానీ స్టవ్ మీదుండగానే పసుపు వేశా, పసుపు మాడి బ్రౌన్ అయిపోయింది. కాబట్టి ఆపి, పది లెక్కపెట్టి, అప్పుడు పావు స్పూన్ పసుపు. వెంటనే ముక్కల మీద, సుయ్‌మని... విన్నారా?

చేత్తో కలపండి, స్పూన్‌తో కాదు, నూనె వేడి చూసుకోండి. నిమ్మకాయ పిండి, కొత్తిమీర.

దీని పక్కన నెవార్లు అటుకులు పెట్టుకుంటారు, బజీ అంటారు, తడపరు, పొడిగానే. నేను మొదట పోహా అనుకుని నీళ్ళలో వేసేశా, వద్దు. కలిపిన ఛోయ్‌లాని ఒక అరగంట వదిలేస్తే మసాలా ముక్కకి బాగా పడుతుంది, నేను మాత్రం ఆగలేను, తింటున్నా.